గండాలు గీసిన పటం: చోడవరం సీమ నేల, తెలుగు ఆటలు, పాత్రధారణ క్రీడలు

బల్లమీద గానీ అరుగుమీద గానీ పటం గీసి ఆడే ఆటల్లో పైకి కనిపించేవి ఎదురెదురుగా కూర్చున్న రెండు పక్షాలే అయినా, ఆ పటంలో గీతలుగా, గడులుగా ఇమిడి ఉన్న నేల కూడా ఆటను నడిపిస్తుంది. ఏ కాయ ఎటు కదలగలదో, ఎక్కడ చిక్కుకుంటుందో, ఎక్కడ తలదాచుకుంటుందో నిర్ణయించేది అదే. 1974లో అమెరికాలో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలై ప్రపంచమంతా వ్యాపించిన టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్‌లో, అంటే ఆటగాళ్లు తలా ఒక పాత్ర ధరించి, గేమ్ మాస్టర్ అనే నిర్వాహకుడు వర్ణించే లోకంలో తమ పాత్ర ఏం చేస్తుందో మాటల్లో చెప్పి, ఫలితం సందిగ్ధంగా ఉన్నచోట పాచికలు వేసి తేల్చుకునే పాత్రధారణ క్రీడల్లో, ఈ నేల సంగతి సొంత నియమాలు గల ఒక శాఖగా ఎదిగింది. కొండ, లోయ, అడవి, చిత్తడి, నది వంటి నేల తీరును భూతలమని, ప్రత్యర్థి చేతివల్ల గాక ఆ నేలవల్లా వాతావరణంవల్లా అక్కడి జీవులవల్లా వచ్చిపడే ఆపదను గండమని ఈ వ్యాసంలో పిలుచుకోవచ్చు.

భూతలాన్నీ గండాన్నీ ఆటలోకి ఎలా తీసుకురావాలన్న ప్రశ్న పాశ్చాత్యులే మొదట వేసుకున్నది కాదు. పులిజూదం, వైకుంఠపాళి, అష్టాచెమ్మా ఆడిన తెలుగు పల్లెలు దానికి తమవైన జవాబులు ఎన్నడో చెప్పాయి. ఆ జవాబుల విలువ తెలియాలంటే నిజమైన గండాలతో నిత్యం సహవాసం చేసిన ఒక సీమను పక్కన పెట్టుకుని చూడాలి. మైదానం ముగిసి మన్యం మొదలయ్యే చోట ఉన్న చోడవరం అందుకు తగినది.

కనుమల పాదాల దగ్గర

ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో చాలాకాలం తాలూకా కేంద్రంగా ఉన్న చోడవరం, 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. గోదావరి మన్యంలోని రంపచోడవరం వేరు, స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయానికీ, చెరకుకూ, బెల్లానికీ, గోవాడ సహకార చక్కెర కర్మాగారానికీ పేరుపొందిన ఈ చోడవరం వేరు. ఊరికి దక్షిణాన అనకాపల్లి మీదుగా సముద్రం దాకా మైదానం పరుచుకుని ఉంటే, వాయవ్యాన మాడుగుల దాటగానే తూర్పు కనుమలు లేచి, ఘాటీ, అంటే కొండను చుట్టుకుంటూ పైకెక్కే దారి, పాడేరు వైపు తీసుకుపోతుంది. 1,600 మీటర్లకు మించిన శిఖరాలున్న ఆ కొండల మీద కురిసిన వాన శారదానదిగా, బొడ్డేరు, పెద్దేరు, తాచేరు వంటి ఉపనదులుగా, పేరున్నవీ లేనివీ అయిన ఎన్నో గెడ్డలుగా కిందికి దిగుతుంది. గెడ్డ అంటే ఉత్తరాంధ్రలో కొండవాగు. వేసవిలో అడుగు తడవకుండా దాటగలిగిన గెడ్డ, పైన ఎక్కడో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే పొంగి మనిషినీ పశువునూ కొట్టుకుపోగలదు.

కొండమీది పసుపు, చింతపండు, అడ్డాకులు కిందికి దిగడానికీ, కిందినుంచి ఉప్పు, బట్ట పైకెక్కడానికీ సంతలే కేంద్రాలైన ఈ సీమలో, రెండు లోకాల మధ్య నడిచే మనిషికి దారిలో ఎదురయ్యే గండాలు ముఖ్యంగా నాలుగు: పొంగే గెడ్డ, పొంచి ఉండే మృగం, కాలికింద పాము, ఒంట్లో జ్వరం. వీటిలో మొదటి మూడింటినీ కంటితో చూసి జాగ్రత్తపడవచ్చు గానీ, మన్యం జ్వరమని జనం భయపడిన మలేరియా ఎక్కడినుంచి వస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. కొండ నీటివల్ల వస్తుందని కొందరు, చెడుగాలివల్ల వస్తుందని కొందరు నమ్మేవారు. మైదానపు ఉద్యోగులు మన్యానికి బదిలీ అంటే వణికిపోవడానికి పులికంటే ఈ జ్వరమే పెద్ద కారణం. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో పనిచేస్తున్న వైద్యుడు రొనాల్డ్ రాస్, అనాఫిలస్ జాతి దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాకనే ఆ జ్వరానికి ఒక దారి, ఒక వాహకం, ఒక నివారణ ఉన్నాయని లోకానికి స్పష్టమయింది. కనబడని గండం కనబడే గండంగా మారిన ఆ మలుపు ఆటల చరిత్రను అర్థం చేసుకోవడానికి కూడా తాళంచెవి వంటిది.

పాలకులకూ ఈ నేల లొంగలేదు. మైదానపు చట్టాలు కొండమీద నడవవని గ్రహించిన ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధినుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించి ఆయన చేతికి అప్పగించింది. మన్యానికి ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చింది. తరవాతి కాలంలో ఘాటీలను రోడ్లుగా మార్చి నేలను లొంగదీసుకోవాలని ప్రభుత్వం చేసిన ప్రయత్నంలో గూడెం ప్రాంతపు గిరిజనులను తక్కువ కూలికీ, కొన్నిసార్లు కూలి లేకుండానూ పనిచేయించడం, పోడు సేద్యాన్ని అడ్డుకున్న అటవీ చట్టాలతో కలిసి, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922లో మొదలైన తిరుగుబాటుకు కారణమయింది. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను వరసగా పట్టుకున్న ఆ దళం, సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో మాటువేసి, ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ పోలీసు అధికారులను కాల్చిచంపింది. ఇరుకు దారిలో వరసగా తప్ప నడవలేని బలగం ఎంత పెద్దదైనా పైనున్న కొద్దిమందికి చిక్కుతుందన్నది అక్కడ రుజువయింది. మలబారు ప్రత్యేక పోలీసులనూ, తరవాత అస్సాం రైఫిల్సునూ దింపితే గానీ, 1924 మే 7న సీతారామరాజును చంపితే గానీ ఆ తిరుగుబాటు చల్లారలేదు. భూతలం తెలిసినవాడి పక్షాన భూతలమే పోరాడుతుందన్న సత్యాన్ని పుస్తకాల్లో చదివి నేర్చుకోవలసిన అవసరం ఈ సీమకు లేదు.

పులిజూదం: నేలే నియమంగా మారిన ఆట

ఆ సత్యాన్నే ఆటగా మలచినది పులి-మేక అని కూడా పిలిచే పులిజూదం. రచ్చబండల మీదా, గుడి మండపాల రాతిపలకల మీదా, ఇంటి అరుగుల మీదా సుద్దతోనో బొగ్గుతోనో గీసుకుని, కొన్నిచోట్ల రాతిలో శాశ్వతంగా చెక్కుకుని ఆడిన ఈ ఆట తమిళనాట ఆడుపులి ఆట్టంగా, నేపాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలతో బాఘ్‌చాల్‌గా బంధువర్గం కలిగినది. తెలుగునాట ఎక్కువగా కనిపించే పటంలో ఒక శిఖరబిందువునుంచి నాలుగు గీతలు కిందికి విచ్చుకుంటాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తూ రెండు పక్కలా బయటికి పొడుచుకువస్తాయి. ఆ పొడుచుకువచ్చిన కొసలను నిలువుగీతలు కలుపుతాయి. అన్నిటికీ కింద నాలుగు గీతల పాదాలను కలిపే ఆధారరేఖ ఉంటుంది. ఈ గీతలు కలిసే బిందువులు మొత్తం 23. పులులు మూడు, మేకలు పదిహేను. మేకలను ఒక్కొక్కటిగా పటం మీదికి దించుతుంటే, పులి తన పక్కనున్న మేక మీదుగా సరళరేఖలో దూకి అవతలి ఖాళీ బిందువులో వాలితే ఆ మేక చచ్చినట్టు. పులులన్నీ కదలలేకుండా చుట్టుముట్టబడితే మేకలు గెలిచినట్టు.

ఈ పటాన్ని నిదానంగా పరిశీలిస్తే ఒక కొండప్రాంతపు భూతలశాస్త్రమే అందులో ఉన్నట్టు తెలుస్తుంది. పులి దూకడానికి మేకకు ఇవతలా అవతలా ఒకే గీత సూటిగా సాగాలి కాబట్టి, గీతలు ఆగిపోయే లేదా వంగిపోయే మూలల్లో నిలిచిన మేకను ఏ పులీ ముట్టలేదు. శిఖరబిందువు, పక్కల చతురస్రాలకు చెందిన నాలుగు మూలలు, ఆధారరేఖ రెండు కొసలు, ఇలా 23 బిందువుల్లో ఏడు మేకకు శాశ్వతమైన ఆశ్రయాలు. అంచుమీద నిలిచిన మేకను అంచు వెంబడి మాత్రమే దూకవచ్చు. పటం నడుమ నాలుగు దిక్కులా గీతలున్న బిందువులో నిలిచిన మేకకే అన్నివైపులా గండం. అదే సమయంలో శిఖరం కాని మూలకు చేరిన పులికి దారులు రెండే మిగులుతాయి కాబట్టి, మేకకు కోట అయిన చోటు పులికి బోను అవుతుంది. ఒక మేక వెనక మరో మేక నిలబడితే ఆ గీత మీద పులికి దూకే చోటు లేదు. అందువల్ల మంద ఒత్తుగా కదలాలన్న పాఠాన్ని ఏ పెద్దా నోటితో చెప్పనక్కరలేకుండా పటమే నేర్పుతుంది.

ఈ ఆటలో పాచిక లేదు, అదృష్టం లేదు, దాచిన సంగతి ఏదీ లేదు. ఉన్న గండమంతా కళ్ల ముందే ఉంటుంది, దాన్ని తప్పించుకునే దారి కూడా కళ్ల ముందే ఉంటుంది. రెండు పక్షాలకూ బలం సమానం కాదు, సంఖ్య సమానం కాదు, గెలుపు అర్థం కూడా ఒకటి కాదు; ఒకరిది ఆకలి, ఒకరిది ముట్టడి. సమానబలాల పోరుగా సాగే ఆటలకు అలవాటుపడిన చరిత్రకారులు ఈ అసమానతను జానపదుల సరదాగా భావించి దాటిపోవడం సరికాదు, ఎందుకంటే బలహీనులు భూతలాన్ని ఆసరాగా చేసుకుని బలవంతుణ్ణి ఎలా కట్టడి చేస్తారన్న ప్రశ్నను ఇంత స్వచ్ఛంగా నియమబద్ధం చేసిన ఆటలు లోకంలో ఎక్కువ లేవు. దామనపల్లి ఘాటీలో జరిగినదాన్ని యుద్ధశాస్త్రం ఏ పరిభాషలో వివరించినా, దాని సారం పులిజూదం ఆడి పెరిగిన పిల్లవాడికి కొత్తగా చెప్పవలసినది కాదు.

వైకుంఠపాళి, అష్టాచెమ్మా: విధి, ఆశ్రయం

గండాన్ని ఇంకో కోణంనుంచి చూసినది పరమపద సోపాన పటమని పేరున్న వైకుంఠపాళి. గవ్వలో పాచికలో వేసి, పడిన సంఖ్యను బట్టి కింది గడులనుంచి పైనున్న పరమపదం దాకా కాయను నడిపే ఈ పటంలో నిచ్చెనలకు భక్తి, జ్ఞానం, వైరాగ్యం వంటి సుగుణాల పేర్లు, పాములకు రాక్షసుల పేర్లు, దుర్గుణాల పేర్లు ఉంటాయి. గమ్యం దాదాపు చేతికి అందినచోట నోరు తెరుచుకుని ఉండే అరుకాసురుడనే పెద్దపాము మింగితే కాయ పటం అడుగుకు జారిపోతుంది. గడుల సంఖ్య, బొమ్మలు అచ్చువేసినవారిని బట్టి మారినా, పటం నిర్మాణం వెనకున్న ఆలోచన మాత్రం ఒకటే. ముక్కోటి ఏకాదశి, శివరాత్రి జాగరణల్లో పెద్దలూ పిల్లలూ కలిసి ఆడిన ఈ ఆట, పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండు చేరి, పేర్లూ పుణ్యపాపాలూ క్రమంగా రాల్చుకుని స్నేక్స్ అండ్ లాడర్స్‌గా మిగిలింది.

పులిజూదంలో ఉన్నట్టే ఇందులోనూ గండం దాచినది కాదు; ఏ గడిలో ఏ పాము ఉందో ఆడేవారందరికీ తెలుసు. తేడా అంతా ఎంపికలో ఉంది, ఎందుకంటే గవ్వలు పడిన తీరును బట్టి నడవడమే గాని పామును తప్పుకుని పక్కదారి పట్టే స్వేచ్ఛ ఆటగాడికి లేదు. ఇది ఆట నిర్మాణంలోని లోపం కాదు, అది చెప్పదలచిన జీవనదృష్టి. ఎంత ఎత్తుకు చేరినవాడికైనా పతనం పొంచి ఉంటుందని, పడినవాడికీ మళ్లీ ఎక్కే నిచ్చెన ఉంటుందని చెప్పడానికి ఎంపిక లేకపోవడమే సాధనం. మన్యం జ్వరానికి కారణం తెలియని రోజుల్లో సంతకు కొండెక్కిన మనిషి అనుభవం సరిగ్గా ఇదే: గండం ఉందని తెలుసు, దాని పేరు తెలుసు, కానీ ఈసారి ఎవరిని మింగుతుందో తెలియదు.

ఈ రెంటికీ నడుమ నిలిచేది అష్టాచెమ్మా. నాలుగు గవ్వలు వేసి, అన్నీ వెల్లకిల పడితే చెమ్మ అని నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్ట అని ఎనిమిది లెక్కించే ఈ ఆటలో, అయిదు వరసల గడుల చుట్టూ తిరిగి కాయ నడిమింట పండాలి. దారిలో ప్రత్యర్థి కాయ వెనకనుంచి వచ్చి అదే గడిలో దిగితే ముందున్నది చచ్చి మొదటికి పోతుంది; కాటా గుర్తు వేసిన గడుల్లో ఉన్న కాయను మాత్రం ఎవరూ చంపరాదు. అంకె అదృష్టం ఇచ్చినా, ఏ కాయను కదపాలి, దేన్ని ఆశ్రయంలో ఉంచాలి అన్నది ఆటగాడి తెలివిమీద ఆధారపడి ఉంటుంది. ఘాటీలో మజిలీకీ మజిలీకీ నడుమ నడిచే బాటసారి, చీకటి పడేలోపు ఏ పల్లె చేరగలనా అని వేసుకునే లెక్కకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

శాస్త్రంలో గండం, చదునైన చదరంగం

ఆపదలను వరసపెట్టి, ఒక్కోదానికి ఒక్కో విరుగుడు చెప్పే పద్ధతి భారతీయ శాస్త్రగ్రంథాల్లో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో దైవికంగా వచ్చే మహాభయాలు ఎనిమిదని చెప్పి, అగ్ని, నీరు, వ్యాధి, కరువు, ఎలుకలు, క్రూరమృగాలు, పాములు, రాక్షసులు అని లెక్కపెట్టి, వేసవిలో గ్రామస్థులు ఆరుబయట వంట చేసుకోవాలని, వానాకాలంలో ఏటిగట్టు పల్లెలవారు గట్టు వదిలి దూరంగా నివసించాలని, కొయ్యపలకలు, వెదుళ్లు, పడవలు సిద్ధంగా ఉంచుకోవాలని విధించింది. పదో అధికరణంలో కాల్బలానికి, గుర్రాలకు, రథాలకు, ఏనుగులకు ఏ నేల అనుకూలమో వేరువేరుగా వివరించింది. అయినా ఆ నాలుగు అంగాలనే కాయలుగా చేసుకున్న చతురంగం మాత్రం 64 గడులనూ సమానంగా ఉంచి నేలను పూర్తిగా చదును చేసేసింది. ఆ పటంమీద రథానికి బురద అడ్డురాదు, గుర్రానికి కొండ ఎదురుకాదు. బుద్ధిబలం తప్ప ఇంకేదీ ఫలితాన్ని నిర్ణయించకూడదన్న పట్టుదల ఆ చదునుదనంలో ఉంది.

ఆ చదును గడుల మీదికి కొండలనూ నదులనూ తిరిగి తెచ్చే పని జర్మన్ రాజ్యాల్లో జరిగింది. 1780లో బ్రన్స్‌విక్‌కు చెందిన గణితాచార్యుడు యోహాన్ హెల్‌విగ్ చదరంగాన్ని పెంచి 1,617 గడుల పటం చేసి, కొండ, చిత్తడి, నీరు వంటివాటికి వేరువేరు రంగులు వేశాడు. ప్రష్యాకు చెందిన పెద్ద రైస్విట్జ్ 1812లో రాజుగారికి సమర్పించిన ఆటలో గడులు పోయి, పేర్చుకోగల భూతలపు పలకలు వచ్చాయి. ఆయన కొడుకు, సైనికాధికారి అయిన చిన్న రైస్విట్జ్ 1824లో దాన్ని 1:8,000 కొలతలో గీసిన నిజమైన సైనిక పటాల మీదికి మార్చి, క్రీగ్‌ష్పీల్, అంటే యుద్ధక్రీడ అన్న పేరుతో నియమావళి ప్రచురించాడు. ఇందులో అన్నిటికంటే పెద్ద మార్పు మధ్యవర్తి. రెండు పక్షాలూ తమ ఆజ్ఞలను కాగితంమీద రాసి మధ్యవర్తికి ఇస్తే, ఆయన నేల తీరును, దూరాన్ని, పాచికను లెక్కలోకి తీసుకుని ఫలితం చెబుతాడు. గుట్ట వెనక శత్రువు ఉన్నా అది ఆ సేనాపతి కంటికి కనబడే చోట ఉంటేనే చెబుతాడు. పులిజూదంలోనూ వైకుంఠపాళిలోనూ లేని అజ్ఞాతం, అంటే కొండ అవతల ఏముందో తెలియకపోవడం, ఇలా నియమంగా ఆటలోకి వచ్చింది. ప్రష్యా సైన్యాధిపతుల్లో ముఖ్యుడైన మ్యూఫ్లింగ్ దీన్ని సైన్యమంతటికీ సిఫారసు చేశాడు.

పాత్రధారణ క్రీడల్లో నేల

ఈ మధ్యవర్తే నూటయాభై ఏళ్ల తరవాత గేమ్ మాస్టర్ అయ్యాడు. 1969లో అమెరికాలోని మినెసోటాలో డేవిడ్ వెస్లీ తన యుద్ధక్రీడలో సైన్యాలకు బదులు ఒక్కొక్కరికీ ఒక్కో వ్యక్తి పాత్ర ఇచ్చాడు; ఆ బృందంలోనే ఉన్న డేవ్ ఆర్నెసన్ దాన్ని బ్లాక్‌మూర్ అనే కల్పిత సీమగా పెంచాడు; ఆయనా గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చారు. నేలమాళిగలకూ అడవిబాటలకూ కేటాయించిన మూడో పుస్తకం, బయలు ప్రయాణాల కోసం 1972లో అవలాన్ హిల్ సంస్థ తెచ్చిన ఔట్‌డోర్ సర్వైవల్ అనే మరో ఆట పటాన్ని వాడుకోమని చెప్పింది. ఆరుకోణాల గడులున్న ఆ పటంమీద ఆకలి, దాహం, దారి తప్పడమే ప్రధాన శత్రువులు. ఆ మూడో పుస్తకం నియమాల్లో దారి తప్పే అవకాశం నేలను బట్టి మారింది: మైదానంలో ఆరింట ఒకటి, అడవిలో ఆరింట రెండు, చిత్తడిలో ఆరింట మూడు.

తరవాతి అర్ధశతాబ్దంలో ఈ నియమాలు విస్తరించాయి. 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పులో తుప్పలు, బురద, రాళ్లు నిండిన చోటును కష్టభూతలమని పిలిచి, అక్కడ ఒక అడుగు వేయడానికి రెండు అడుగుల కదలిక ఖర్చవుతుందని నిర్ణయించారు. ఎత్తునుంచి పడితే ప్రతి పది అడుగులకూ ఒక ఆరుముఖాల పాచిక వేసి దెబ్బ లెక్కిస్తారు. విపరీతమైన ఎండలో నీరు లేకుండా నడిచే పాత్ర గంటగంటకూ ఓర్పు పరీక్ష ఎదుర్కొని, ఓడితే ఆరు మెట్లున్న అలసట పట్టికలో ఒక్కో మెట్టు దిగి చివరకు ప్రాణం కోల్పోతుంది. కౌటిల్యుడు లెక్కించిన ఎనిమిది భయాలూ, రాక్షసులతో సహా, ఈ నియమాల పుస్తకాల్లో ఏదో ఒక రూపంలో కనిపిస్తాయంటే మనిషి భయపడే విషయాలు కాలంతోనూ ఖండంతోనూ పెద్దగా మారలేదని అర్థం.

అయితే పట్టిక ఎంత పెరిగినా ఆటలో గండం న్యాయంగా ఉండాలంటే మూడు గుణాలు కావాలని ఈ చరిత్రంతా చూపుతుంది. మొదటిది ముందస్తు గుర్తు: గెడ్డ పొంగకముందు నీరు ఎర్రబారడం, మృగం కనబడకముందు అడవి సద్దుమణగడం వంటి సూచనను నిర్వాహకుడు వర్ణనలో ఇవ్వాలి. రెండోది ఎంపిక: ఆగడం, చుట్టుదారి పట్టడం, తాడు కట్టి దాటడం వంటి దారులు ఆటగాడికి తెరిచి ఉండాలి. మూడోది మూల్యం: ఏ దారి పట్టినా కాలమో, బలమో, సరుకో ఖర్చు కావాలి, లేకపోతే ఎంపికకు బరువుండదు. పులిజూదంలో ఈ మూడూ ఉన్నాయి. వైకుంఠపాళిలో గుర్తు ఉంది గానీ ఎంపిక లేదు. అష్టాచెమ్మాలో ఎంపిక పాక్షికం. క్రీగ్‌ష్పీల్‌లో గుర్తు దాగి ఉన్నా, వేగులను పంపి తెలుసుకునే వీలుంది. ఏ సూచనా లేకుండా కొండచరియ విరిగిపడిందని ప్రకటించే నిర్వాహకుడు, తనకు తెలియకుండానే పాత్రధారణ క్రీడను వైకుంఠపాళిగా మార్చేస్తాడు, అదీ వైకుంఠపాళికున్న ధర్మచింతన లేకుండా.

గండం తెలియడమే చరిత్ర

ఆటకు వర్తించిన ఈ కొలత సీమ చరిత్రకూ వర్తిస్తుంది. రాస్ పరిశోధన తరవాత మన్యం జ్వరం విధినుంచి విడివడి, నిలవనీటిని తొలగించడం, దోమతెర కట్టుకోవడం, మందు వేసుకోవడం అనే ఎంపికల్లోకి వచ్చింది. శారద మీద రైవాడ, బొడ్డేరు మీద కోనాం, మాడుగుల దగ్గర పెద్దేరు జలాశయాలు వచ్చాక కొండనీటిలో కొంతభాగానికైనా పగ్గం పడి, పొలాలకు అందే నీరుగా మారింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు చెట్లూ, విద్యుత్ స్తంభాలూ, పంటలూ నేలకూలినా, వాయుగుండంగా పుట్టిన దశనుంచే దాని దారిని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పగలగడంవల్ల లక్షలాదిమందిని తరలించే వ్యవధి దొరికింది. ఒక్కో గండం ఇలా ఎవరిని మింగుతుందో తెలియని పాముగడినుంచి, ఎక్కడ నిలబడాలో లెక్కించుకోగల పులిజూదపు బిందువుగా మారడమే ఈ నేల మీద మనుషులు సాధించిన నిజమైన ప్రగతి. ఆ మార్పు ఇంకా చేరని కొండపల్లెలు ఉన్నంతకాలం ఆ పని పూర్తికాలేదన్నదీ అంతే నిజం.

భూతలాన్ని పాత్రగా చూసే కొత్త ఆటల వైపు తెలుగు యువత ఆకర్షితమవుతున్న ఈ కాలంలో, పరదేశపు మంచుకొండల, ఇసుకఎడారుల పట్టికలనే అనువదించుకోనక్కరలేదు. పొంగే గెడ్డ, మలుపులు తిరిగే ఘాటీ, జ్వరం పట్టే లోయ, చెరకు తోటల నడుమ చీకటిదారి, సముద్రంనుంచి వచ్చే తుఫాను కలిసిన చోడవరం సీమే ఒక సంపూర్ణమైన ఆటలోకం. వేషం కట్టి వేరొకరిగా మాట్లాడే అలవాటు తూర్పు భాగవతమనే జానపద నాటకం పుట్టిన ఈ ప్రాంతానికి కొత్త కాదు. అలాంటి ఆట రాసేముందు చేయవలసిన పని ఒకటుంది. గుడి మండపాల రాతిపలకల మీద అరిగిపోతున్న పులిజూదం పటాలను గుర్తించి నమోదు చేయాలి. ఏ ఊళ్లో ఎన్ని పులులతో, ఏ నియమాలతో ఆడారో పెద్దలను అడిగి రాసిపెట్టాలి. ఏ గెడ్డను ఏ నెలలో ఎక్కడ దాటేవారో, ఘాటీలో ఎక్కడ మజిలీ చేసేవారో తెలిసినవారు ఉండగానే సేకరించాలి. ఆపదను ముందుగా గుర్తించి, దానికి ఎదురుగా దారి వెతుక్కున్న తరాల బుద్ధి ఆ పటాల్లోనూ ఆ దారుల్లోనూ నిలిచి ఉంది కాబట్టి, ఆ సేకరణ చరిత్రకారుడికి ఎంత అవసరమో, రేపటి ఆట రాసేవాడికీ అంతే అవసరం.